బోర్డు పాఠం వీడియో ఎడిటింగ్: ముందు చెవితో, తర్వాత కంటితో

కెమెరా ముందు కూర్చుని మాట్లాడిన వీడియోలో ఒక వాక్యం కోసేస్తే ఆ వాక్యం పోతుంది, అంతే. బోర్డు మీద రాస్తూ చెప్పిన పాఠంలో అలా జరగదు. మాటను కోసినా, ఆ మాట చెబుతూ రాసిన గీత బోర్డు మీదే ఉండిపోతుంది. డస్టర్ పడేదాకా ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తూనే ఉంటుంది. భాగాల వరస మార్చడమూ కుదరదు. మూడో భాగాన్ని రెండోదాని ముందుకు జరిపితే, ఇంకా చెప్పని లెక్క అప్పటికే బోర్డు మీద వెలిసి ఉంటుంది.

అందుకే ఈ రకం ఎడిటింగును రెండు విడతలుగా చేయాలి. మొదటి విడతలో మాటను మాత్రమే పట్టించుకుని కోయాలి. ఆ కోతల వల్ల బోర్డు మీద ఎక్కడెక్కడ గీత గెంతుతోందో రెండో విడతలో చూసి సరిచేయాలి. రెండూ కలిపి చేయబోతే ఒక్కో కోత దగ్గర పది నిమిషాలు గడిచిపోతాయి. పైగా తర్వాత ఎలాగూ తీసేయబోయే భాగానికి మరమ్మతు చేసి కూర్చుంటారు.

మాటల్లో ఒక చిక్కు ఉంది, ముందే తేల్చుకుందాం. బోర్డు మీద రాసేదీ మార్కరే, టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ) మీద పెట్టే గుర్తూ మార్కరే. ఇక్కడ రాసేదాన్ని పెన్ను అని, టైమ్‌లైన్ మీదదాన్ని గుర్తు అని అంటున్నాం.

రికార్డింగ్ ఏ రకందో చూసుకోండి

గోడ మీది బోర్డును కెమెరాతో తీసినది ఒక రకం. ట్యాబ్లెట్ మీద రాస్తూ స్క్రీన్ రికార్డ్ చేసినది రెండో రకం. మూడోది ఎక్స్‌ప్లెయిన్ ఎవ్రీథింగ్ లాంటి యాప్‌లలో చేసినది. వీటిలో గీత వీడియోగా కాక వస్తువుగా భద్రమవుతుంది. తర్వాత ఆ గీతను పట్టుకుని జరపవచ్చు, తీసేయవచ్చు. మీ రికార్డింగ్ ఈ మూడో రకమైతే గీతల దిద్దుబాట్లన్నీ యాప్‌లోనే ముగించుకుని, అప్పుడే వీడియోగా బయటికి తీయండి. ఒకసారి ఎంపీ4 అయ్యాక అది కూడా మిగతా వీడియోల్లాగే ఉత్త పిక్సెళ్లు. యాప్‌లోని అసలు ప్రాజెక్టును మాత్రం తుడిచేయకండి.

ఇకమీద చెప్పేది ప్రధానంగా మొదటి రెండు రకాల గురించి. ఎక్కువ కష్టం కెమెరాతో తీసినదానిలోనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ బోర్డుతోపాటు మనిషి కూడా ఉంటాడు.

టైమ్‌లైన్ మీద వేయకముందు

చాలా ఫోన్లు, కొన్ని స్క్రీన్ రికార్డర్లు ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్కను) నిలకడగా ఉంచవు. తెర మీద ఏదీ కదలనప్పుడు ఫ్రేములు తగ్గించేస్తాయి. బోర్డు పాఠంలో కదలని క్షణాలే ఎక్కువ కాబట్టి ఈ బెడద ఇక్కడ మరీ ఎక్కువ. లక్షణం ఇలా ఉంటుంది: మొదటి నిమిషంలో పెన్ను, మాట సరిగ్గా కలుస్తాయి, నలభయ్యో నిమిషానికి మాట ఒక చోట, చెయ్యి ఒక చోట. ఫైలును దాని వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిచి చూడండి. ఫ్రేమ్ రేట్ మోడ్ ఎదురుగా వేరియబుల్ అని ఉంటే, వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి సగటుకు దగ్గరి అంకెను (25, 30 లేదా 60) ఎంచుకుని, కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చండి. నాణ్యతకు ఆర్‌ఎఫ్ (అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరిగే కొలత) 18 చాలు. ఈ పని కోతలు మొదలుపెట్టకముందే జరగాలి. సగం ఎడిటింగ్ అయ్యాక ఫైలు మారిస్తే కోతలన్నీ చెదిరిపోతాయి.

గొంతును వేరే రికార్డరులో తీసి ఉంటే మొదట్లో కొట్టిన చప్పట్ల దగ్గర రెండు వేవ్‌ఫామ్‌లనూ (శబ్దాన్ని గీతగా చూపే బొమ్మలను) కలపండి. తర్వాత పాఠం చివరికి వెళ్లి అక్కడా కలిశాయో లేదో చూడండి. రెండు పరికరాల గడియారాల మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు జరుగుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది రెండు ఫ్రేములు. అంత తేడాకు వేగం మార్చడం లాంటివి అక్కర్లేదు, పాఠం మధ్యలో ఒక మౌనం దగ్గర ఆడియోను కోసి ఒక్క ఫ్రేము జరిపితే సరిపోతుంది. తేడా సెకన్లలో ఉంటే మాత్రం అది గడియారం తప్పు కాదు. ఒక ఫైలు 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉండగా దాన్ని 48గా చదువుతున్నారేమో, లేదా పైన చెప్పిన ఫ్రేమ్ రేటు జబ్బేమో చూసుకోండి.

మొదటి క్లిప్పు వేయకముందే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటును అసలు వీడియోతో సమానంగా పెట్టండి. డావిన్సీ రిసాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో క్లిప్పులు వేశాక దాన్ని మార్చనివ్వదు. కొలత విషయంలో, 4కెలో తీసి 1080పి టైమ్‌లైన్ మీద ఎడిట్ చేయడం బోర్డు పాఠానికి బాగా కలిసొచ్చే ఏర్పాటు. 200 శాతం దాకా దగ్గరికి వెళ్లినా గీత చెదరదు. 1080పిలోనే తీసి ఉంటే 125 శాతం దాటకండి. అక్కడినుంచి సన్న గీతలు మసకబారడం తెలిసిపోతుంది.

ట్రాకుల అమరిక: కింది వీడియో ట్రాకులో బోర్డు, దాని మీద అతుకులు (తప్పును కప్పడానికి తర్వాత వేసే ముక్కలు), అన్నిటికన్నా పైన శీర్షికలు. ఆడియోలో మొదటిది గొంతు, రెండోది గది నిశ్శబ్దం. గది నిశ్శబ్దం అంటే ఎవరూ మాట్లాడనప్పుడు వినిపించే ఫ్యాను, ఏసీల సన్నని హోరు. రికార్డింగులో ఎక్కడైనా పది పదిహేను సెకన్లు శుభ్రంగా దొరికితే దాన్ని కోసి విడిగా దాచుకోండి, చాలాసార్లు అవసరపడుతుంది.

మొదటి విడత: చెవితో

ఒకసారి పూర్తిగా వినండి, ఏమీ కోయకుండా. ఒకటిన్నర రెట్ల వేగంలో విన్నా చాలు. వింటూ ఎం కీ నొక్కుతూ గుర్తులు పెట్టండి. మూడు రంగులు సరిపోతాయి. ఎరుపు అంటే తప్పు చెప్పారు, దాని గీత బోర్డు మీద మిగిలింది. పసుపు అంటే పొడవైన మౌనం. నీలం అంటే బోర్డు పూర్తిగా తుడిచారు.

ఈ మూడింటిలో నీలం గుర్తులు అన్నిటికన్నా విలువైనవి. ఖాళీ బోర్డుకు గతం లేదు. అక్కడ కోసినా, కొత్తగా రికార్డ్ చేసినది అతికించినా, ఆఖరికి భాగాల వరస మార్చినా గీత గెంతదు. ఒక పాఠంలో ఆరు నీలం గుర్తులు ఉన్నాయంటే అది విడివిడిగా ఎడిట్ చేసుకోగలిగిన ఏడు చిన్న వీడియోలన్నమాట. రికార్డింగ్ మీ చేతుల్లో ఉంటే ప్రతి పది నిమిషాలకు ఒకసారైనా బోర్డు మొత్తం తుడవమని చెప్పండి. ఎడిటింగ్ భారం అక్కడే సగం తగ్గుతుంది.

ఇక కోత. షాట్‌కట్ అనే ఎడిటరులో ఎస్ నొక్కితే ప్లేహెడ్ (ఇప్పుడు ఎక్కడున్నారో చూపే నిలువు గీత) దగ్గర క్లిప్పు రెండవుతుంది, ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి వెనకది ముందుకు జరుగుతుంది. రిసాల్వ్‌లో కోతకు కంట్రోల్, బి కలిపి నొక్కాలి. అక్కడ డిలీట్ కీ ఖాళీని మూసేస్తుంది, బ్యాక్‌స్పేస్ ఖాళీని అలాగే వదిలేస్తుంది. ఖాళీ మూసుకునే ఈ తొలగింపునే రిపుల్ డిలీట్ అంటారు. ఇక్కడే అందరూ ఒకసారైనా బోల్తా పడతారు. ఏదో ఒక ట్రాకు లాక్ అయి ఉండి, ఆడియో జరిగి వీడియో జరగకపోతే అప్పటినుంచి పాఠమంతా తప్పుతుంది, మీరు చూస్తున్న చోట మాత్రం ఏమీ తెలియదు. ప్రతి పది కోతలకు ఒకసారి టైమ్‌లైన్ చివరికి వెళ్లి వీడియో, ఆడియో ఒకే చోట ముగుస్తున్నాయా చూడండి. తేడా వస్తే పది అన్‌డూలతో పోతుంది.

కోత ఎక్కడ పడాలో వేవ్‌ఫామ్‌ను చూసి తేల్చకండి. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతో, అచ్చుతో ముగుస్తుంది. ‘వస్తుంది’లో ఆఖరి ‘ది’, ‘చూడండి’లో ఆఖరి ‘డి’ గొంతులో సన్నగిల్లి ముగుస్తాయి. తెర మీద ఆ చోట వేవ్‌ఫామ్ దాదాపు చదునుగా ఉంటుంది. అది మౌనమనుకుని కోస్తే వినేవాళ్లకు ‘వస్తుం’ అని వినిపిస్తుంది. వాక్యం ముగిశాక ఐదారు ఫ్రేములు వదిలి కోయండి. మొదలయ్యే మాటకు ముందు రెండు మూడు ఫ్రేములు చాలు. ఊపిరి పీల్చిన చప్పుడు ఉంటే మొత్తంగా ఉంచండి, లేదా మొత్తంగా తీసేయండి. సగం ఊపిరి వెంటనే చెవికి తగులుతుంది.

ప్రతి ఆడియో కోత మీదా రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) వేయండి. లేకపోతే ‘టిక్’మనే చప్పుడు వస్తుంది. శబ్ద తరంగం సున్నా దగ్గర కాకుండా పైనో కిందో ఉన్నప్పుడు తెగితే ఒక్కసారిగా గెంతుతుంది, ఆ గెంతే టిక్కు. మాటను పూర్తిగా తీసేసి బొమ్మను ఉంచిన చోట గది నిశ్శబ్దాన్ని కింది ట్రాకులో పరచండి. శబ్దం పూర్తిగా సున్నా అయితే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు వీడియో ఆగిపోయిందనుకుంటారు.

మౌనాలను వాటంతట అవే కోసిపెట్టే సాధనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. బోర్డు పాఠానికి వాటిని వాడకపోవడమే మేలు. మాట్లాడకుండా రాస్తున్న సమయమంతా వాటి లెక్కలో మౌనమే. దాన్ని కోసేస్తాయి, సమీకరణం సగం ఉన్నది ఉన్నట్టుండి పూర్తయి కూర్చుంటుంది.

రాస్తున్నంతసేపు ఏం చేయాలి

ఇక రెండో విడత, కంటితో. పసుపు గుర్తుల దగ్గరికి రండి. ఒక సెకను లోపు మౌనాన్ని ముట్టుకోకండి. మూడు సెకన్ల దాకా ఉన్నది చూసేవాళ్లు రాసుకోవడానికి పనికొస్తుందనిపిస్తే వదిలేయండి. అంతకుమించితే రెండు దారులున్నాయి, దానికి ఎదురు సమస్యకు మూడోది ఒకటి.

మొదటిది వేగం పెంచడం. మామూలు చేతిరాతను 200 శాతానికి పెంచినా ఎవరికీ తెలియదు. బొమ్మలకు, అక్షాలు గీయడానికి 300 నుంచి 400 శాతం. పట్టిక గీతల్లాంటి విసుగు పనికి 800 అయినా తప్పులేదు. కాకపోతే 200 దాటాక చెయ్యి పాత మూకీ సినిమాలోలాగా తుళ్లుతుంది కాబట్టి అది వేగమేనని చూసేవాళ్లకు తెలిసిపోతుంది, దాన్ని దాచబోకండి. వేగం పెంచిన క్లిప్పుకు ఫ్రేమ్ బ్లెండింగ్ (పక్కపక్క ఫ్రేములను కలిపేయడం) ఆపేయండి, లేదంటే చేతికి నీడల్లాంటి నకళ్లు వస్తాయి. వేగం మారే కోతను పెన్ను బోర్డును తాకే క్షణంలో, లేదా బోర్డు నుంచి లేచే క్షణంలో పెట్టండి.

ఎంత శాతమో ఊహించక్కర్లేదు, భాగహారం చాలు. బొమ్మ గీయడానికి 48 సెకన్లు పట్టింది, దాని గురించి చెప్పే మాట 15 సెకన్లు ఉంది. 48ని 15తో భాగిస్తే 3.2, అంటే వేగం 320 శాతం. అసలు ఆడియోను విడదీసి మ్యూట్ చేసి, పెన్ను కీచుమనే చప్పుడు పోగొట్టి, బొమ్మ గీశాక చెప్పిన వివరణను ఈ 15 సెకన్ల మీదికి జరపండి. ఒక జాగ్రత్త: మాట గీతకన్నా అర సెకను ముందున్నా ఇబ్బంది లేదు, మనం మామూలుగా కూడా ముందు అని తర్వాతే రాస్తాం. గీత ముందు, మాట వెనక అయితే ఆ తేడా పొసగదు.

రెండో దారి డిసాల్వ్, అంటే ఒక బొమ్మ కరిగి ఇంకోటిగా మారడం. కోతకు అటూ ఇటూ చెయ్యి, మనిషి ఫ్రేములో లేకపోతే 8 నుంచి 12 ఫ్రేముల డిసాల్వ్ వేయండి. తెలుపు తెలుపులో కలిసిపోతుంది, కొత్త గీత మాత్రం మెల్లగా తేలుతుంది. బోర్డు పాఠానికే ప్రత్యేకంగా దొరికిన సౌకర్యమిది, వేరే ఏ వీడియోలోనూ డిసాల్వ్ ఇంత సాఫీగా దాక్కోదు. రెండు వైపులా మనిషి ఉంటే మాత్రం వేయకండి, రెండు తలల మనిషి కనిపిస్తాడు. అక్కడ నేరుగా కోసి, కోత తర్వాతి క్లిప్పును 120 శాతానికి పెంచండి. కొలత మారితే కన్ను దాన్ని కొత్త షాటుగా తీసుకుంటుంది.

మూడోది ఫ్రీజ్ ఫ్రేమ్. ఇది మౌనానికి కాదు, దానికి ఎదురు సమస్యకు. చెప్పాల్సిన మాట మిగిలి ఉంది, బొమ్మ అయిపోయింది. బోర్డు కదలదు కాబట్టి మనిషి లేని ఒక ఫ్రేమును ఆపి ఎన్ని సెకన్లు సాగదీసినా పట్టుబడదు.

తప్పు రాసి, తర్వాత దిద్దిన చోట

ఎరుపు గుర్తు దగ్గర జరిగేది ఒక ఉదాహరణగా చూద్దాం. 12:40 దగ్గర ‘ఏడు ఎనిమిదులు యాభై నాలుగు’ అంటూ 7 × 8 = 54 అని రాశారు. పక్కన వేరే సంగతి చెప్పుకుంటూ పోయారు. 15:05కు గమనించి ‘అరెరె, యాభై ఆరు కదా’ అని డస్టరుతో తుడిచి, 15:22కు దిద్దడం ముగించారు. మధ్యలో దాదాపు రెండున్నర నిమిషాలు బోర్డు మీద 54 వెలుగుతూ ఉంది. సవరణ జరిగిన 17 సెకన్లూ కోసేస్తే, కోత పడిన క్షణంలో 54 కాస్తా కళ్లముందే 56 అయిపోతుంది. అది తప్పుకన్నా అన్యాయం.

1. మొదటి విడతలో ఆ 17 సెకన్ల ముక్క పోయింది. కోతకు అవతల, చెయ్యి పక్కకు తప్పుకున్న ఒక ఫ్రేమును పట్టుకుని ఫ్రీజ్ చేయండి. అందులో 56 ఉంటుంది.

2. ఆ ఫ్రీజ్‌ను పై ట్రాకులో వేయండి. 54 రాసి చెయ్యి తీసిన క్షణం నుంచి కోత దాకా సాగదీయండి. కోత దాటి ఐదు ఫ్రేములు ఎక్కువ ఉంచినా పరవాలేదు, కింద కూడా 56 వచ్చేసి ఉంటుంది.

3. ఆ క్లిప్పు మీద చతురస్రపు మాస్క్ గీసి 56 చుట్టూ మాత్రమే కనిపించేలా బిగించండి. అంచు గీతల మీద పడకూడదు, ఖాళీ తెలుపు మీదే పడాలి. ఫెదర్ (అంచును మెత్తగా కలిపే వెడల్పు) 8 నుంచి 10 పిక్సెళ్లు. డస్టర్ మరక పెద్దగా పాకి ఉంటే మాస్క్‌ను కొంచెం పెంచండి.

4. 12:40 దగ్గరి మాటలో ‘నాలుగు’ను తీసి, సవరణలో పలికిన ‘ఆరు’ను అక్కడ పెట్టండి. తప్పు తెలిసినప్పటి గొంతు కాస్త గట్టిగా ఉంటుంది. రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, ముందువెనకలు కళ్లు మూసుకుని వినండి.

5. రాస్తున్న క్షణం మిగిలింది. 5 వేశాక పెన్ను 4 మొదలుపెట్టబోయే చోట కోసి, చెయ్యి వెళ్లిపోయాక ఉన్న ఫ్రేముకు 8 ఫ్రేముల డిసాల్వ్ ఇవ్వండి. చెయ్యి మాయమైనట్టు కొంచెం తెలుస్తుంది. అంతమాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఈ పద్ధతి మూడు చోట్ల తప్పుతుంది. ఒకటి, ఆ రెండున్నర నిమిషాల్లో చెప్పేవాళ్ల భుజం 54కు అడ్డంగా వస్తే, అతుకు పై ట్రాకులో ఉంది కాబట్టి 56 చొక్కా మీద తేలుతుంది. భుజం వచ్చేది రెండు సెకన్లే అయితే మాస్క్ అంచుకు నాలుగైదు ఫ్రేములకొక కీఫ్రేమ్ (ఆ క్షణానికి స్థానాన్ని గుర్తుపెట్టే బిందువు) పెట్టి భుజంతోపాటు జరపండి. ఎక్కువసేపైతే ఆ ఓపిక దండగ. ఆ సమయానికి బోర్డులో వేరే భాగాన్ని దగ్గరికి తెచ్చి చూపండి, ఆ మూల ఫ్రేములోనే ఉండదు.

రెండు, కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ నడుస్తూ ఉంటే, మనిషి కదిలినప్పుడల్లా బోర్డు వెలుగు మారుతుంది. అప్పుడు అతుకు బూడిద రంగు పెట్టెలా కనిపిస్తుంది. అతుకు క్లిప్పు వెలుగును కిందిదానితో సరిపోల్చి, ఫెదర్‌ను 25, 30 పిక్సెళ్లకు పెంచండి. పూర్తిగా పోదు గానీ కళ్లకు తగలదు.

మూడు, అతుకు వేశాక కింది క్లిప్పును జూమ్ చేస్తే అతుకు కదలదు, బోర్డు కదులుతుంది. బోర్డునూ అతుకునూ కలిపి ఒక కాంపౌండ్ క్లిప్పు చేసి, జూమ్‌లన్నీ దాని మీదే వేయండి. రంగుల సవరణ కూడా అక్కడే.

ఆ 54ను తర్వాతి వరసల్లో వాడేసి ఉంటే, అంటే 54 + 6 = 60 అని ముందుకు వెళ్లిపోయి ఉంటే, అతుకుల జోలికే పోకండి. దానికి ముందున్న నీలం గుర్తు నుంచి ఆ భాగాన్ని మళ్లీ రికార్డ్ చేయించడం తక్కువ పని. ఇంకో వైపు, తప్పు రాసి పది సెకన్లలోపే దిద్దుకుని ఉంటే చాలాసార్లు అలాగే ఉంచేయడం మంచిది. నేర్చుకునేవాళ్లు అదే తప్పు అక్కడే చేస్తారు, దిద్దుకోవడం చూస్తే వాళ్లకు అది గుర్తుంటుంది. నున్నగా చెక్కిన పాఠం కన్నా కాస్త గరుకుగా ఉన్నదే కొన్నిసార్లు బాగా బోధిస్తుంది.

బోర్డు తెల్లగా కనిపించాలంటే

కెమెరా తనంతట తాను వెలుగు లెక్కేసుకుంటే ఫ్రేమంతా నిండిన తెలుపును మధ్యస్థ బూడిదగా మారుస్తుంది. అందుకే బోర్డు వీడియోలు మబ్బు పట్టినట్టు ఉంటాయి. లెవెల్స్ లేదా కర్వ్స్‌లో తెలుపు అంచును పైకి లాగండి, వేవ్‌ఫామ్ స్కోపులో (వెలుగును శాతాల్లో చూపే పటంలో) బోర్డు 85 నుంచి 90 శాతం దగ్గర నిలవాలి. 100కు తోస్తే సన్న గీతలు, పాతబడిన పెన్ను రాతలు తెలుపులో కలిసిపోతాయి. తర్వాత నలుపు అంచును కొంచెం లోపలికి జరిపితే గీత ముదురుతుంది. పసుపు, నీలి ఛాయ ఉంటే వైట్ బ్యాలెన్స్ పిక్కరుతో బోర్డు మీద ఖాళీ చోట ఒక్కసారి నొక్కండి.

ఎరుపు, ఆకుపచ్చ గీతలు నలుపుకన్నా మసకగా రావడం మీ కెమెరా లోపం కాదు. మామూలు వీడియో ఫైళ్లలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు సమాచారం మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటే. సన్నని రంగు గీత అందుకే అలుక్కుపోతుంది. రంగు తీవ్రత పెంచితే అలుకు పెరుగుతుందే తప్ప గీత తేరుకోదు. గీతను ముదురు చేయండి, షార్పెన్ చాలా కొద్దిగా వేయండి. ఎక్కువైతే ప్రతి అక్షరం చుట్టూ తెల్లని అంచు పుడుతుంది.

బోర్డు వంకరగా ఉంటే కార్నర్ పిన్ ఎఫెక్టుతో నాలుగు మూలలూ లాగి సరిచేయండి. కాంపౌండ్ క్లిప్పు లోపల, ఒక్కసారే. లైట్ల వల్ల వచ్చే చారలను ఎడిటింగులో పోగొట్టడం కష్టం. తీసేటప్పుడే కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 ఉన్న చోట 1/60 లేదా 1/120 పెడితే రావు.

జూమ్

జూమ్ కదలికకు 20 నుంచి 30 ఫ్రేములు ఇవ్వండి, మొదలు చివరలు మెత్తగా ఉండేలా ఈజ్ పెట్టండి. దగ్గరికి వెళ్లాక కనీసం నాలుగైదు సెకన్లు అక్కడే ఉండండి. రాస్తున్నప్పుడు జూమ్ కదలకూడదు. కదిలే ఫ్రేములో కదిలే పెన్నును చదవడం ఎవరివల్లా కాదు. రాత ముగిశాక, లేదా రాయబోయే ముందు కదపండి.

దగ్గరికి తేవాలా వద్దా అన్నదానికి పరీక్ష సులువు: వీడియోను ఫోనులో, 360పిలో, చెయ్యి చాచి పట్టుకుని చూడండి. 1080పి ఫ్రేములో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు 40 పిక్సెళ్ల ఎత్తున్నా చదవవచ్చు. తెలుగు రాతకు అది చాలదు. అక్షరం పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, ‘ప’కూ ‘ఫ’కూ మధ్య తేడా ఒక చిన్న గీతే. దీనికి 60 పిక్సెళ్లయినా కావాలి.

తుడవబోయే ముందు నిండు బోర్డును మూడు సెకన్లు ఖాళీగా చూపండి. అసలు రికార్డింగులో అది లేకపోతే ఫ్రీజ్‌తో సృష్టించండి. స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లు ఎదురుచూసేది ఆ మూడు సెకన్ల కోసమే.

గొంతు, ఎక్స్‌పోర్ట్

బోర్డు వైపు తిరిగినప్పుడు గొంతు తగ్గుతుంది. కంప్రెసర్ (గట్టి శబ్దాలను అణిచి హెచ్చుతగ్గులను తగ్గించే సాధనం) మీద భారం వేయకముందే ఆ ముక్కలను విడిగా మూడు నుంచి ఆరు డెసిబెల్స్ పెంచండి. తర్వాత 80 హెర్ట్జ్ కింద కోసే హై-పాస్, తేలిగ్గా నాయిస్ రిడక్షన్, 3:1 కంప్రెషన్. చివరి లెక్క -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తంగా శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), శిఖరాలు -1 డెసిబెల్ దాటకుండా. పెన్ను కీచును ఈక్వలైజరుతో తీయబోతే గొంతులోని స్పష్టత కూడా పోతుంది, రెండూ ఉండేది ఒకే మేరలో. కీచు వచ్చిన ముక్కనే తగ్గించండి.

1080పి, 30 ఫ్రేములు, హెచ్.264, ఎంపీ4. యూట్యూబ్ ఈ కొలతకు సూచించే బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు), అంటే గంటకు సుమారు 3.6 జీబీ. డౌన్‌లోడ్ చేసుకుని చూసేవాళ్లకు వేరే ప్రతి ఇస్తుంటే 2 ఎంబీపీఎస్ చాలు, గంటకు 900 ఎంబీ. కదలిక తక్కువ కాబట్టి బోర్డు దానికి తట్టుకుంటుంది. డిసాల్వుల దగ్గర మాత్రం చెదురు కనిపించవచ్చు, ఆ చోట్లు ఒకసారి చూసుకోండి.

అధ్యాయాలకు నీలం గుర్తులే ఆధారం. యూట్యూబ్‌లో మొదటిది 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. ఆ సమయాలను ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు చూసి రాయండి, ఎడిటింగ్ మధ్యలో రాసుకున్నవి ఒక్క రిపుల్ డిలీట్‌తో తప్పుతాయి. సబ్‌టైటిళ్లు కూడా అంతే, కోతలన్నీ ముగిశాకే.

ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలును రెండుసార్లు పరీక్షించండి. ఒకసారి శబ్దం ఆపేసి, రెట్టింపు వేగంలో, గీత ఎక్కడైనా గెంతుతోందా అని. ఇంకోసారి తెర వైపు చూడకుండా, మాట ఎక్కడైనా తెగుతోందా అని. ఆ తర్వాత మొదటి నిమిషంలో, నడుమ, చివరి నిమిషంలో ఒక్కో చోట ఆపి, పెన్ను బోర్డును తాకే ‘టక్’ చప్పుడు, పెన్ను మొన తాకిన ఫ్రేమూ కలుస్తున్నాయో లేదో చూడండి. మొదట కలిసి చివర తేడా వచ్చిందంటే మళ్లీ ఫ్రేమ్ రేటు దగ్గరికే వెళ్లాలి.